కాందిశీకుడి రంది

(శంషాబాద్‌లో ఇచ్చిన మహాకవి గుర్రం జాషువా స్మారకోపన్యాసం)



కవి పేరు మీద పెట్టిన ఉపన్యాసంలో డిప్రెషన్ ఊసేమిటని ఆహ్వాన పత్రిక చూసిన ఒకరిద్దరు అడిగారట. అడగాల్సిన ప్రశ్నే. జవాబు జాషువా దగ్గరే దొరుకుతుంది. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టి 1971 జూలై 24న కన్నుమూసిన ఈ కవి, గోడు వినేవాడు లేని మనిషి గురించి తెలుగులో అందరికన్నా గట్టిగా రాశారు. 1941 నాటి ‘గబ్బిలం’లో కథానాయకుడు అంటరానివాడు. గుడిలోకి రానివ్వరు కాబట్టి దేవుడికి తన మాట తానే చెప్పుకోలేడు. రాత్రిపూట గుడిసెలోకి వచ్చిన గబ్బిలానికి మొర వినిపించి, కాశీ విశ్వనాథుడికి చేరవేయమంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతనికి గబ్బిలం దొరికింది. గుళ్లో తలకిందులుగా వేలాడే హక్కు దానికుంది, అతనికి లేదు. పూజారి దగ్గర లేని సమయం చూసి చెప్పమని జాగ్రత్త కూడా చెబుతాడు. ఈ జాగ్రత్తను శ్రోతలు కాస్త గుర్తుపెట్టుకోవాలి. ముందుముందు దానితో పని పడుతుంది.

నాలుగేళ్ల తర్వాత, 1945లో, ఆయన ‘కాందిశీకుడు’ రాశారు. యుద్ధం వల్ల బర్మా విడిచి పారిపోయి వస్తున్న మనిషి ఆ కావ్యానికి నాయకుడు. అలాంటి కవి పేరిట ఈ విమానాశ్రయం ఊళ్లో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు, పక్కనే బతుకుతున్న నేటి బర్మా కాందిశీకుల మనసు సంగతి ఎత్తకపోతే అది స్మరణ అనిపించుకోదు.

1

ముందు మాటల సంగతి చూద్దాం. ‘కాందిశీకుడు’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘కాం దిశమ్’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఇప్పుడు పత్రికలు ఎక్కువగా రాస్తున్న ‘శరణార్థి’ వేరు. అతను ఒక గుమ్మం ముందు నిలబడి అడుగుతున్నాడు. కాందిశీకుడికి ఇంకా ఆ గుమ్మమే కనిపించలేదు. ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో, ఇక్కడికి దగ్గర్లోని బాలాపూర్ బస్తీల్లో ఉన్న ఆ కాందిశీకులకు నిఘంటువు చూడకుండానే తెలుసు.

తెలుగువాళ్లకు ఈ అనుభవం కొత్తదేం కాదు. కోరంగి రేవులో ఓడెక్కి ‘రంగం’ పోయినవాళ్లను, అంటే రంగూన్ పోయినవాళ్లను, బర్మావాళ్లు కోరంగీలు అనేవారు. అక్కడి రేవులో మూటలు మోసినవాళ్లు, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు వీళ్లే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొన్ని నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. చాలామంది కాలినడకనే వచ్చారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి వేలమందిని మింగేశాయి. ఒక దారి టాంగుప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ వైపు వచ్చేది. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత తిరిగొచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ ఉంది.

అదే అరకాన్ ఇప్పటి రఖైన్ రాష్ట్రం. అక్కడి రోహింగ్యా ముస్లింలకు 1982 పౌరసత్వ చట్టం పౌరసత్వం లేకుండా చేసింది. 2012లో అల్లర్లు జరిగాయి. 2017 ఆగస్టు 25 తర్వాత 7 లక్షల పైచిలుకు మంది బంగ్లాదేశ్‌లోకి వచ్చిపడ్డారు. కొందరు 2012 నుంచే హైదరాబాద్ చేరారు. ఆనాడు తెలుగువాళ్లు నడిచిపోయిన నేల నుంచి వచ్చినవాళ్లు ఈనాడు తెలుగు నేల మీద ఉన్నారు.

ఇక జబ్బు పేరు. తెలంగాణలో ‘రంది’ అంటే అందరికీ తెలుసు. ‘రంది పెట్టుకోకు బిడ్డా’ అంటారు. ముదిరితే ‘మనాది’ అంటారు. మనాదితో మంచం పట్టిందంటే ఇక డాక్టరు చీటీ అక్కర్లేదు, ఊరంతటికీ రోగం అర్థమవుతుంది. కోస్తాలో బెంగ, దిగులు అంటారు. రోహింగ్యా భాష చిట్టగాంగ్ బెంగాలీకి దగ్గరిది. అందులో ‘డిప్రెషన్’కు సరిపడే ఒక్క మాట లేదు. బాధపడేవాళ్లు ‘చింత’ అంటారు, ‘అశాంతి’ అంటారు. మన చెవికి ఆ మాటలు ఎంత దగ్గరివో చూడండి. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు ‘కుఫుంగిసిసా’ అంటారు. ఎక్కువగా ఆలోచించడం అని దాని అర్థం. మనిషి ఏ మాటతో తన బాధ చెప్పుకుంటాడో ఆ మాట పట్టుకునే వైద్యం మొదలవ్వాలి. ‘నీకు డిప్రెషన్’ అంటే బాధలో ఉన్న తల్లి తల ఊపుతుంది, ఇంటికి వెళ్లిపోతుంది. ‘చింత ఎప్పటినుంచి?’ అంటే కూర్చుంటుంది.

2

శంషాబాద్ నుంచి బాలాపూర్ పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. శ్రీశైలం రోడ్డెక్కితే పహాడీ షరీఫ్ గుట్ట కనిపిస్తుంది. ఆ తర్వాత షాహీన్ నగర్, ఆ పక్కన బాలాపూర్. నగరంలో బాలాపూర్ అంటే వినాయకుడి లడ్డూ. 1994లో 450 రూపాయలకు మొదలైన వేలం ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది, టీవీల్లో లైవు వస్తుంది. అదే బాలాపూర్‌లో రాయల్ కాలనీ లాంటి చోట్ల, ఖాళీ స్థలాల్లో అద్దె కట్టి, వెదురు కర్రల మీద టార్పాలిన్లు కప్పుకుని రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. కిషన్‌బాగ్, హఫీజ్ బాబా నగర్ వైపు ఉన్నవాళ్లను కూడా కలిపితే నగరంలో అయిదారు వేల మంది ఉంటారని చెబుతారు. మగవాళ్లు ఇళ్లు కట్టే చోట కూలికి పోతారు. చెత్త ఏరి అమ్మేవాళ్లు ఉన్నారు. కోవా లాంటి స్వచ్ఛంద సంస్థలు వాళ్ల మధ్య పనిచేశాయి.

చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు. భారత్ 1951 శరణార్థి ఒడంబడిక మీద సంతకం పెట్టలేదు. ప్రభుత్వం దృష్టిలో వీళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు. ఆధార్ లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేదు, సిమ్ము తీసుకోవాలన్నా ఇంకొకరి పేరు కావాలి. 2021 మార్చిలో జమ్మూలో 150 మందికి పైగా రోహింగ్యాలను హీరానగర్ నిర్బంధ కేంద్రానికి తరలించారు. వాళ్లను పంపేయవద్దన్న పిటిషన్ మీద సుప్రీంకోర్టు ఏప్రిల్ 8న మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపవద్దని మాత్రమే అంది. అంటే పద్ధతి పాటిస్తే పంపవచ్చు. జమ్మూ వార్త బాలాపూర్‌కు చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఒక వాట్సాప్ సందేశమంత.

ఇక్కడ ఒక చిక్కును నిజాయితీగా ఒప్పుకోవాలి. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా, దేనిమీదన్నా ఆసక్తి ఉందా అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10కి చేరితే జాగ్రత్తపడాలంటారు. టార్పాలిన్ చిరిగి వానకు కారుతుంటే నిద్ర పట్టదు. దానికీ మార్కు పడుతుంది. ఇంట్లో బియ్యం లేక తినకపోయినా పడుతుంది. కాబట్టి పట్టీలో వచ్చిన అంకె చూసి బస్తీ మొత్తాన్ని రోగులుగా లెక్కేయడం తప్పు. బ్రిటిష్ మానసిక వైద్యుడు డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ 1999లోనే ఇలాంటి తొందరను గట్టిగా విమర్శించారు. అయితే ఆ విమర్శను పట్టుకుని ‘వీళ్లకు కావలసింది బియ్యమే, కౌన్సెలింగ్ కాదు’ అనేవాళ్లూ ఉన్నారు. అదీ సగం నిజమే. యుద్ధాలు నడిచిన ప్రాంతాల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. ఆ ఒకరు బియ్యం పంచే లైనులో వచ్చి నిలబడరు. మిగతావాళ్లు వెళ్తున్నా ఆ మనిషి లేవదు. బియ్యం తన దాకా చేరాలన్నా ముందు తను లేచి నడవాలి.

3

సరే, ఎవరు లేపాలి?

హైదరాబాద్‌లో మానసిక వైద్యం అంటే ఎర్రగడ్డ. ఆ పేరు వాడుకలో తిట్టుగా మారిపోయింది, అది వేరే విషాదం. ఎర్రగడ్డ ఆస్పత్రికి బాలాపూర్ రోహింగ్యా తల్లి వెళ్లవచ్చా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ మానసిక వైద్యం పొందే హక్కు ‘ప్రతి వ్యక్తికీ’ ఉందంటుంది. పౌరుడు అనలేదు, వ్యక్తి అంది. 2018 మే 29 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. కాబట్టి వెళ్లవచ్చు. కానీ నగరానికి ఆ చివర ఉన్న ఆస్పత్రికి రెండు బస్సులు మారి వెళ్లి, ఏ భాషలో మాట్లాడాలి? 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగు, ఉర్దూ దొరుకుతాయి, రోహింగ్యా భాష దొరకదు.

పనికి పోయే మగవాళ్లకు దక్కనీ ఉర్దూ త్వరగా పట్టుబడుతుంది. బడికి వెళ్లే పిల్లలకు ఇంకా త్వరగా. ఇంట్లోనే ఉండే తల్లికి ఆ అవకాశం తక్కువ. డాక్టరు దగ్గరకు వెళ్లాల్సి వస్తే తొమ్మిదేళ్ల కూతురే దుబాసీ. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అన్న మాటను ఏ తల్లి తన బిడ్డ నోట డాక్టరుకు చెప్పిస్తుంది? ‘తలనొప్పి’ అంటుంది. మాత్ర రాసి పంపుతారు. జాషువా నాయకుడి జాగ్రత్త ఇప్పుడు గుర్తుకు రావాలి. ఎవరు దగ్గర ఉంటే మాట బయటికి రాదో చూసుకుని, వాళ్లు లేని సమయంలో చెప్పుకోవాలి.

అందుకే వినేవాళ్లు ఆ బస్తీవాళ్లే కావాలి. డాక్టరు దొరకలేదు కాబట్టి ఏదో సర్దుబాటు అనుకుంటే పొరపాటు. ఇది లెక్కలతో తేలిన విషయం. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు హరారేలో క్లినిక్కుల బయట చెక్క బెంచీలు వేయించి, వాటి మీద ఆరోగ్య కార్యకర్తలైన అమ్మమ్మలను కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లతో అమ్మమ్మ ఆరుసార్లు మాట్లాడుతుంది. 573 మందితో చేసిన పరీక్ష 2016లో అచ్చయింది. బెంచీ దగ్గరకు వచ్చినవాళ్ల బాధ, మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా బాగా తగ్గింది. అదే ఏడాది పాకిస్తాన్‌లోని పెషావర్ నుంచి మరో ఫలితం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’ అనే అయిదు విడతల పద్ధతిని మానసిక వైద్యులు కాని మామూలు కార్యకర్తలు 346 మందితో చేసిన పరీక్షలో వాడి చూశారు. అక్కడా మేలు కనిపించింది. మన గోవాలో విక్రమ్ పటేల్ బృందం 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన పరీక్ష 2017లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది విడతలు స్థానిక కౌన్సెలర్లతో మాట్లాడినవాళ్లలో మూడు నెలలకు నూటికి 64 మంది తేరుకుంటే, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లలో 39 మంది తేరుకున్నారు.

ఒక్క మాట. తీవ్రమైన ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్లను, మతి స్థిమితం తప్పినవాళ్లను ఈ బెంచీ మీద కూర్చోబెట్టకూడదు. వాళ్లను వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకువెళ్లాల్సిందే. బస్తీ వినేవాళ్లకు నేర్పే మొదటి పాఠం ఈ తేడా కనిపెట్టడమే.

4

‘చెప్పుకుంటే బాధ సగం తగ్గుతుంది’ అని పెద్దలు అంటారు. శరణార్థుల విషయంలో ఈ మాటను అలాగే నమ్మేస్తే కష్టం. ఎందుకంటే వాళ్లు చెప్పుకోనిదెక్కడ? కార్డు కోసం చెప్పారు, పోలీసులకు చెప్పారు, విలేకరులకు చెప్పారు, పరిశోధకులకు చెప్పారు. ఈ వక్త లాంటివాళ్లూ వెళ్లి చెప్పించుకున్నారు. ఇల్లు ఎలా కాలిందో, పడవలో ఎవరు పోయారో పదోసారి చెప్పినా పూచికపుల్లంత తేలిక కాలేదు. ఘోరం జరిగిన వెంటనే మనిషిని ఒకసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే ‘డీబ్రీఫింగ్’ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే సలహా ఇస్తోంది.

కథను చెప్పించే వైద్యమూ ఒకటుంది, కాదనలేం. జర్మనీలోని కోన్‌స్టాన్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించిన ‘నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ’లో నేల మీద ఒక తాడు పరుస్తారు. అది మనిషి జీవితం. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెడతారు. పుట్టుక నుంచి మొదలుపెట్టి విడతలు విడతలుగా వరుసలో చెబుతారు. ఉగాండాలోని శరణార్థి శిబిరంలో శరణార్థులే దీన్ని నేర్చుకుని తోటివాళ్లకు చేశారు. అయితే అది ముఖ్యంగా పీడకలల జబ్బుకు, అంటే జరిగినదే కళ్లముందు మళ్లీ మళ్లీ తిరిగే స్థితికి. డిప్రెషన్‌కు గోవాలో, పెషావర్‌లో వాడిన దారి దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ నిన్నటి నుంచి మొదలుపెడతారు.

దగ్గరగా చూద్దాం. ఇది ఫలానా ఆమె కథ కాదు, పద్ధతి తెలియడానికి అల్లుకున్నది. ముప్పై ఏళ్ల తల్లి, ముగ్గురు పిల్లలు. మూడు నెలలుగా పొద్దెక్కే దాకా లేవడం లేదు. మాట వినడానికి వచ్చిన ఆమె అదే బస్తీ మనిషి. అరకాన్ ఊసెత్తదు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావక్కా?’ అంటుంది. ‘ఏమీ చేయలేదు.’ ‘ఏమీ అంటే?’ పడుకుంది. పెద్దపిల్ల నీళ్లు తెచ్చింది. సాయంత్రం పక్క గుడిసె ముసలమ్మ తమలపాకు ఇస్తే నమిలింది. వచ్చినామె కాగితం మీద గళ్లు గీసి ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేస్తుంది, ఎందుకంటే ఇద్దరికీ చదువు అంతంతే. ‘ఏ గడిలో చింత కాస్త తక్కువ?’ తల్లి ఆలోచించి తమలపాకు గడి మీద వేలు పెడుతుంది.

మొదటి విడతకు అది చాలు. వచ్చే వారం దాకా చేయాల్సిన పని ఒక్కటే. పొద్దున నీళ్లకు పిల్లను పంపకుండా, ముసలమ్మతో కలిసి తనే వెళ్లాలి. రోజూ కాదు, రెండు రోజులు. మనసు బాగుపడ్డాక పనిలోకి దిగుదామనుకుంటే మనసు ఎప్పటికీ బాగుపడదు. ముందు పనిలోకి దిగితే మనసు నెమ్మదిగా వెనక వస్తుంది. దీన్నే నిపుణులు ‘బిహేవియరల్ యాక్టివేషన్’ అంటారు. పేరు పెద్దది, బిందె చిన్నది. రెండో వారం ఆమె ఒక్కరోజే వెళ్లిందనుకోండి, మందలింపు ఉండదు. రెండోరోజు ఏం అడ్డొచ్చిందో అడుగుతారు. కుళాయి దగ్గర ఎవరో ‘మీవాళ్లను పంపేస్తారటగా’ అన్నారు. అదీ అడ్డు. అప్పుడు వేళ మారుస్తారు. మూడో వారం సమస్యలను రెండు కుప్పలు పోస్తారు. మన చేతిలో ఉన్నవి ఒకటి, లేనివి ఒకటి. అద్దె బాకీ మొదటి కుప్పలో పడుతుంది. రఖైన్ రెండో కుప్పలోకి వెళ్తుంది.

5

ఆ రెండో కుప్పే అసలు చిక్కు. గోవా రోగి ఇంటికి వెళ్తే అది తన ఇల్లు. కాందిశీకుడికి ‘ఏ దిక్కు?’ అన్న ప్రశ్న ప్రతి పొద్దునా కొత్తగా వస్తుంది. క్షేమంగా చేరినంత మాత్రాన అది పోదని చెప్పే ఒక చేదు ఉదాహరణ ఉంది. భూటాన్ నుంచి వెళ్లగొట్టబడి ఏళ్లకేళ్లు నేపాల్ శిబిరాల్లో ఉన్నవాళ్లకు అమెరికా పునరావాసం ఇచ్చింది. కాగితాలు ఉన్నాయి, ఇళ్లు ఉన్నాయి. అయినా 2009 ఫిబ్రవరి నుంచి 2012 ఫిబ్రవరి వరకు వాళ్లలో 16 మంది ఆత్మహత్య చేసుకున్నారని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం విచారణలో తేలింది. భాష రాకపోవడం, ఇంటివాళ్లకు దూరం కావడం వాళ్లను కుంగదీసిన వాటిలో ఉన్నాయి.

సిడ్నీలోని మానసిక వైద్యుడు డెరిక్ సిలోవ్ దీన్ని అయిదు స్తంభాల ఇల్లుగా చెప్పారు. భద్రత, బంధాలు, న్యాయం, మనిషి పాత్ర, బతుక్కి ఒక అర్థం. యుద్ధం అయిదింటినీ కూలుస్తుంది. వీటిలో పాత్ర గురించి తక్కువ మాట్లాడతాం. ఊళ్లో వరి పండించినవాడు ఇక్కడ చెత్త ఏరుతున్నాడు. కడుపు నిండవచ్చు. కానీ కొడుకు ‘నాన్న ఏం చేస్తాడు?’ అన్న ప్రశ్నకు బళ్లో ఏం చెప్పాలో తెలియక దిక్కులు చూస్తాడు. సిలోవ్, ఆల్విన్ టే బృందం ఈ అయిదింటి చుట్టూ ఆరు విడతల మాటల వైద్యం అల్లి, మలేసియాలో బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా, చిన్, కచిన్ శరణార్థులు 331 మందితో పరీక్షించింది. కొందరికి ఈ పద్ధతి, మిగతావాళ్లకు పేరున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. చేసినవాళ్లు శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు. 2020లో ఫలితాలు వచ్చాయి. రెండువైపులా బాధ తగ్గింది, కొత్త పద్ధతి వైపు కాస్త ఎక్కువ. తేడా పెద్దది కాదు. కానీ మలేసియా కూడా ఒడంబడిక మీద సంతకం పెట్టని దేశమే, అక్కడి రోహింగ్యా మెడ మీద కూడా అదే కత్తి వేలాడుతోంది. అయినా ఆరు వారాల మాట పనిచేసిందన్నది బాలాపూర్‌కు కావలసిన కబురు.

6

చివరికి మిగిలింది వినేవాళ్ల రంది. ఆ బస్తీ నుంచి ఎంచుకున్న స్త్రీకి కూడా కాలిన ఇల్లే ఉంది, బాకీ పడ్డ అద్దె ఉంది. రోజుకు ముగ్గురి చింత విని ఇంటికి వెళ్తే ఆమెది ఎవరు వింటారు? గోవాలో దీనికి ఒక పద్ధతి పెట్టారు. కౌన్సెలర్లు తమ సంభాషణలను రికార్డు చేసుకుని, గుంపుగా కూర్చుని విని, ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. ఎక్కడ తొందరపడ్డావు, ఎక్కడ సలహా ఇచ్చేశావు అని తోటివాళ్లే చెప్పేవారు. రోహింగ్యా భాషలో జరిగిన మాటలను ఎర్రగడ్డ నిపుణుడు విని మార్కులు వేయలేడు. అంటే ఒకామెకు శిక్షణ ఇచ్చి వదిలేస్తే కుదరదు, నలుగురైదుగురిని ఒకేసారి తయారు చేయాలి. వాళ్ల వెనక వారానికి ఒకసారి దక్కనీ తెలిసిన ఒక మనస్తత్వ నిపుణుడు ఉండాలి. ఒక గది కావాలి, తలుపు వేసుకునే గది. టార్పాలిన్ గోడకు చెవులు కాదు, చిల్లులే ఉంటాయి.

వాళ్లకు జీతం ఇవ్వాలి, ఊరికే చేయించకూడదు. ఆధార్ లేని, ఖాతా లేని మనిషికి ఏ పద్దు కింద, ఏ చీటీ మీద జీతం ఇవ్వాలన్నది చిన్న ప్రశ్న కాదు, చాలా మంచి పథకాలు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. మన సభాధ్యక్షులు ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. సభ అయ్యాక బయట టీ దగ్గర ఆయన్ను ముందు పట్టుకోవాల్సింది దీని గురించే.